పదిహేనేళ్లకు పైగా నడిపిన 1959 ఇంపాలా: రెక్కలు దానివే, తలుపు మాత్రం బ్యూయిక్‌ది

ఒహాయోలోని మా ఇంటి గరాజ్‌లో 2009 నుంచి ఒక 1959 షెవ్రోలే ఇంపాలా ఉంది. నాలుగు తలుపుల హార్డ్‌టాప్ (తలుపుల అద్దాల మధ్య స్తంభం లేని రకం), 283 క్యూబిక్ అంగుళాల వీ-8 ఇంజను, రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేరుపెట్టె. కంపెనీ దీన్ని స్పోర్ట్ సెడాన్ అని అమ్మింది కానీ, పైకప్పు పలకలాగా చదునుగా ఉండి వెనక అద్దం మీదుగా చూరులా వెనక్కి పొడుచుకు వస్తుంది కాబట్టి, పాత కార్ల వాళ్లందరూ ఫ్లాట్‌టాప్ అనే పిలుస్తారు. రోడ్ల మీద ఉప్పు చల్లని నెలల్లోనే దీన్ని బయటికి తీస్తాను.

చూసినవాళ్లు ముందుగా అడిగేది కారు వెనక భాగపు రెక్కల గురించే. పీ-38 యుద్ధవిమానం తోకను చూసి 1948 క్యాడిలాక్‌కు చిన్నగా తగిలించిన ఈ అలంకారం, 1957లో క్రైస్లర్ కార్లు ఎత్తైన రెక్కలతో వచ్చేసరికి పందెంగా మారింది. జనరల్ మోటార్స్ అప్పటికే గీసి పెట్టుకున్న 1959 నమూనాలను పక్కన పడేసి, మళ్లీ మొదటి నుంచి గీయించింది. ఆ హడావిడిలో ఖర్చు అదుపులో ఉండాలంటే షెవ్రోలే, పాంటియాక్, బ్యూయిక్ సహా దాని ఐదు కార్ల విభాగాలూ ఒకే మూల బాడీని పంచుకోక తప్పలేదు. ముందు తలుపులు బ్యూయిక్ కోసం గీసినవి. షెవ్రోలే చక్రాల మధ్య దూరం 119 అంగుళాలు, పాంటియాక్ కటలీనాది 122, బ్యూయిక్ లెసేబర్‌ది 123. అయినా ప్రయాణికులు కూర్చునే నడిమి భాగం మాత్రం అన్నిటికీ దగ్గరి చుట్టమే.

ఇది నేను చదివి ఊరుకున్న సంగతి కాదు. కారు కొన్న నాలుగో ఏట ఒక ట్రక్కు వెనక్కి వస్తూ డ్రైవరు వైపు తలుపును లోపలికి నొక్కేసింది. ఇంపాలా తలుపు కోసం నెలల తరబడి వెతికి, విసిగి, చివరికి పక్క రాష్ట్రంలోని ఒక తుక్కు యార్డు నుంచి లెసేబర్ హార్డ్‌టాప్ తలుపు తెచ్చుకున్నాను. బిగించిన సాయంత్రం కీళ్ల బోల్టులు రంధ్రాల్లోకి వెతుక్కోకుండా దిగాయి. రెండోసారి తోయగానే గొళ్లెం టక్కున పడింది. గడప మీద బగ్గీ బొమ్మతో ఉన్న "బాడీ బై ఫిషర్" (ఫిషర్ అంటే జనరల్ మోటార్స్ కార్లకు బాడీలు చేసే విభాగం) పలకను అప్పటిదాకా అలంకారం అనుకున్నాను, దాని అర్థం ఆ క్షణాన బోధపడింది. అయితే ఒకే కడుపున పుట్టినా అన్నదమ్ముల వేషాలు వేరు కదా: బ్యూయిక్ క్రోము పట్టీ కోసం చేసిన రంధ్రాలు మన పట్టీ దారిలో లేవు. వాటిని ఒక్కొక్కటిగా వెల్డింగ్ చేసి పూడ్చి, అరగదీసి, కొత్తవి తొలిచి, రంగు వేసేసరికి మూడు వారాంతాలు గడిచాయి.

నడపడానికి ఇది పడవే. గతుకులను మింగేస్తుంది, మలుపుల్లో ఒరిగిపోతుంది, గ్యాలనుకు 13 మైళ్లు ఇస్తే ఆ రోజు మంచి రోజు. వెడల్పు దాదాపు 80 అంగుళాలు, పొడవు 211 అంగుళాలకు ఒక పిసరు తక్కువ. గరాజ్‌లో చోటు చాలక గడ్డి కోసే యంత్రం కారు వచ్చినప్పటి నుంచీ పెరట్లో టార్పాలిన్ కిందే ఉంటోంది. పక్కలకు చుట్టుకువచ్చే ముందు అద్దం వల్ల చూపు విశాలమే కానీ, దాని స్తంభం అడుగున వంకర తిరిగి తలుపు దారిలోకి వస్తుంది. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకు ఎక్కిన ప్రతిసారీ అక్కడ మోకాలు తగిలేది. "ఇదేం కార్రా, ఎక్కడానికే మొక్కుకోవాలి" అనేది. వెనక అద్దం రబ్బరు ఏళ్ల తరబడి ఎండకు బిగుసుకుపోయి, ఒక దసరాకు డిక్కీలో పెట్టిన సోనామసూరి బస్తా అడుగున తడిసింది.

భద్రత విషయంలో మొహమాటం పడను. ఆ కాలపు పద్ధతి ప్రకారం నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, అన్నిటికీ కలిపి ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్. ఒక్కచోట గొట్టం కారితే పెడల్ నేలకు అంటుకుంటుంది. ఫ్రేము ఎక్స్ ఆకారంలో ఉండటంతో తలుపుల కింద అడ్డుకునే దూలం లేదు. నేను కొన్న ఏడాదే అమెరికా బీమా సంస్థల భద్రతా పరిశోధన కేంద్రం ఇదే కుటుంబానికి చెందిన 1959 బెల్ ఎయిర్‌ను 2009 మాలిబుతో గంటకు 40 మైళ్ల వేగంతో ఢీకొట్టించింది. పాతదాని క్యాబిన్ నలిగిపోవడం చూశాక మా ఆవిడ దీంట్లో హైవే ఎక్కనని తేల్చి చెప్పింది. రెండు గదుల సిలిండర్, ముందు డిస్కు బ్రేకులు, సీటు బెల్టులు పెట్టించాను. ఆవిడ మాట మాత్రం మారలేదు, నేనూ ఊరి రోడ్లు దాటడం మానేశాను.

ఎవరైనా 1959 లేదా 1960 ఫ్లాట్‌టాప్ కొనాలనుకుంటే తలుపుల సొట్టలు చూసి బేరం వదులుకోవద్దని చెబుతాను. ముందు వంగి డిక్కీ నేల, ఫ్రేము చూడండి. తరువాత వెనక్కి వెళ్లి, 1959 కారైతే పిల్లికళ్లలాంటి ఆ దీపాల అద్దాలూ రెక్కల అంచు క్రోమూ పూర్తిగా ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. వాటిని ఏ బ్యూయిక్కూ అప్పివ్వదు.