పీడీఎఫ్, వర్డ్, ఈపబ్, వెబ్ పేజీ: అందరూ చదవగలిగే పత్రానికి ఏది మేలు?

చూపు లేనివారు పత్రాన్ని, తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వింటారు, లేదా బ్రెయిలీ డిస్‌ప్లే మీద వేళ్లతో చదువుతారు. చూపు మందగించినవారు అక్షరాలను నాలుగింతలు పెంచుకుంటారు. మౌస్ కదపలేనివారు కీబోర్డుతోనే పని నడుపుకుంటారు. చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా ఉన్నవారు ఫాంటును, పంక్తుల మధ్య ఎడాన్ని తమకు వీలుగా మార్చుకుంటారు. అందువల్ల ఏ ఫార్మాట్ మేలన్నది తేల్చడానికి పుట అందం కొలమానం కాదు. ఏది శీర్షిక, ఏది పేరా, పట్టికలో ఏ గడి ఏ వరుసకు చెందుతుంది అన్న సమాచారం ఫైలు లోపల ఉందా లేదా అన్నదే చూడాలి.

ఈ పరీక్షలో ఎక్కువగా తడబడేది, ఎక్కువగా వాడుకలో ఉన్న పీడీఎఫ్. 1993లో అడోబీ దీన్ని తెచ్చింది, ఏ యంత్రం మీద తెరిచినా, ముద్రించినా పుట ఒకేలా కనబడాలని. అందుకే ఫైలులో ప్రధానంగా ఉండేవి ఫలానా చోట ఫలానా అక్షరరూపం వేయాలన్న ఆదేశాలే తప్ప వాక్యాలు, పేరాలు కావు. రెండు కాలమ్‌ల పుటలో మొదటి కాలమ్ సగంలోనే చదువు పక్క కాలమ్‌లోకి దూకడానికి కారణం ఇదే. ఈ లోపం తీర్చడానికి 2001లో పీడీఎఫ్ 1.4తో ట్యాగులు, అంటే ఏది శీర్షిక, ఏది పేరా అని తెలిపే గుర్తులు వచ్చాయి. అందరూ చదవగలిగే పీడీఎఫ్ ఎలా ఉండాలో చెప్పే పీడీఎఫ్/యూఏ అనే అంతర్జాతీయ (ఐఎస్‌ఓ) ప్రమాణం కూడా 2012లో వచ్చింది. సరిగ్గా ట్యాగులు వేసిన పీడీఎఫ్ బాగానే చదవవస్తుంది, కాదనలేం. అయితే ఆ నిర్మాణం పుట రూపానికి జోడించిన మరో పొర కనుక, తయారుచేసేవారు పట్టించుకోకపోతే అది ఉండనే ఉండదు. స్కాన్ చేసిన పుటల పీడీఎఫ్ సంగతి మరీ దారుణం: ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చడం) చేయనంతవరకు అందులో ఉన్నది బొమ్మే, ఒక్క అక్షరమూ లేదు.

తెలుగు పత్రాల్లో దీనికి తోడు మరో చిక్కు ఉంది. అన్ని భాషల అక్షరాలకూ విడివిడి సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో లేని పాత ఫాంట్లలో కూర్చిన పాఠం తెర మీద చక్కని తెలుగులా కనబడినా, లోపల ఉన్నవి రోమన్ అక్షరాల సంకేతాలు కనుక స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని గోల మాత్రమే వినిపిస్తుంది. యూనికోడ్‌లో కూర్చినదాన్ని పీడీఎఫ్‌గా మార్చినా, అక్షరరూపాలకూ యూనికోడ్‌కూ మధ్య లంకె సరిగా లేకపోతే వత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి.

వర్డ్ ఫైలులో పాఠం పాఠంగానే ఉంటుంది, పాఠకుడు ఫాంటు మార్చుకోగలడు. కాని అక్షరాలను లావు చేసి, సైజు పెంచినంత మాత్రాన శీర్షిక అయిపోదు. హెడింగ్ స్టైల్ వాడితేనే స్క్రీన్ రీడర్ దాన్ని శీర్షికగా గుర్తిస్తుంది. నా దృష్టిలో ఇది పంచిపెట్టే రూపం కంటే మూలప్రతిగానే ఎక్కువ ఉపయోగం. దీని నుంచి పీడీఎఫ్ తప్పనిసరైతే ‘సేవ్ యాజ్’ ద్వారా తీయాలి. ప్రింట్ మార్గంలో తీస్తే సాధారణంగా ట్యాగులు పోతాయి.

వెబ్ పేజీకి నిర్మాణమే పునాది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎమ్‌ఎల్‌లో శీర్షికలు, జాబితాలు మొదటి నుంచీ ఉన్నవే, పట్టికలు తర్వాత చేరాయి. ఎన్‌వీడీఏ, జాస్ వంటి స్క్రీన్ రీడర్లలో ‘హెచ్’ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు వెళ్లవచ్చు. అక్షరాలను 400 శాతానికి పెంచినా పంక్తులు తెర వెడల్పుకు సర్దుకోవాలని వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాలు, 2018 నాటి డబ్ల్యూసీఏజీ 2.1, కోరుతాయి, పేజీ సరిగా రాస్తే ఆ సర్దుబాటు దాదాపు దానంతటదే జరుగుతుంది. అదే స్థిరమైన పీడీఎఫ్ పుటనైతే ప్రతి పంక్తికీ కుడికీ ఎడమకీ జరుపుకుంటూ చదవాలి.

ఈపబ్ అంటే ఆ వెబ్ పేజీలనే ఒక జిప్ మూటగా కట్టి, ఇంటర్నెట్ లేకుండా చదివే పుస్తకంగా చేయడం. 2011లో వచ్చిన ఈపబ్ 3లో పాఠాన్నీ ధ్వనినీ జతపరిచే ఏర్పాటు ఉంది. 1996లో ఏర్పడిన డైసీ కన్సార్టియం అనే సంస్థల కూటమి అంధ పాఠకుల కోసం చేసిన కృషికి ఇది కొనసాగింపు. ముద్రిత పుస్తకపు పుట సంఖ్యలను కూడా ఇందులో చేర్చవచ్చు కనుక, తరగతిలో ‘42వ పుట తీయండి’ అన్నప్పుడు అంధ విద్యార్థి వెనకబడడు. చదివే యాప్ బాగోకపోతే ఈ సుగుణాలన్నీ వృథా అవుతాయి, పుట రూపాన్ని బిగించేసిన ఈపబ్ మళ్లీ పీడీఎఫ్ బాట పడుతుంది.

కాబట్టి ప్రకటనలకు, నియమావళులకు, దరఖాస్తులకు వెబ్ పేజీ మేలు. పుస్తకానికి ఈపబ్ మేలు. డిజిటల్ సంతకం, స్థిరమైన పుట రూపం అవసరమైన పత్రాలకు ట్యాగులున్న పీడీఎఫ్ ఉండాలి, వీలైతే అదే పాఠం వెబ్ పేజీగానూ పెట్టాలి. ఖర్చు మాట ఎత్తేవారు ఒకటి గమనించాలి: మూలప్రతిలో నిర్మాణం లేని పత్రానికి, సవరణ జరిగి కొత్త పీడీఎఫ్ తీసిన ప్రతిసారీ ట్యాగులు మళ్లీ సరిచేయాలి, వెబ్ పేజీలో ఒకసారి సరిగా పెట్టిన శీర్షికలు ఎన్ని సవరణలు జరిగినా అలాగే ఉంటాయి.