నాయన కోసం కడప ప్రయాణం: పుష్పగిరి, ఒక లాడ్జి, రెండు టికెట్లు

తర్పణాల పని మీద కడప వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట. లాడ్జిలో డబ్బు చేతికిచ్చే ముందు బిల్లు అడగండి. ఇవ్వం అంటే సంచులు తీసుకుని బయటికి వచ్చేయండి. మేం రాలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు, మోకాళ్లు నొప్పులతో నిలబడలేని అమ్మను పెట్టుకుని ఎక్కడికి పోతాం అనుకున్నాం. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను.

మా నాయన ఆర్టీసీలో కండక్టరు. ముప్పై యేళ్ల పైన చేస్తే అందులో సగానికి మించి కడప డిపోలోనే. వల్లూరు మీదుగా కమలాపురం పోయే పల్లెవెలుగు ఆయనది. ఆ బస్సులో ఆయనకు ఒకటే పట్టింపు: డబ్బు తన చేతిలో పడితే టికెట్ వాళ్ల చేతిలో పడాలి. చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిచ్చేవాడు. దిగేటప్పుడు వాళ్లు మర్చిపోతే కేకేసి, వినకపోతే తానే దిగిపోయి ఇచ్చొచ్చేవాడు. అప్పటికీ దొరకని వాళ్ల చిల్లర ఇంటికి తెచ్చి హార్లిక్స్ సీసాలో వేసి, శనివారం దేవుని కడప హుండీలో వేసేవాడు. ఒకసారి ఐస్‌ఫ్రూట్ కోసం ఆ సీసాలో చెయ్యి పెట్టాను. కొట్టలేదు. "అది మంది సొమ్ము పాపా" అన్నాడు, అంతే. ఆ తర్వాత ఆ సీసా మూత నేనెప్పుడూ తీయలేదు.

2024 ఆషాఢంలో నాయన పోయాడు. ఏడాది తిరిగేదాకా మహాలయం పెట్టకూడదన్నారు కాబట్టి 2025 జులైలో హైదరాబాదులోనే సంవత్సరీకం చేసి, మొదటి పెద్దల అమావాస్యకు పుష్పగిరి దగ్గర పెన్నకు పోదామని అమ్మ పట్టుబట్టింది. చిన్నాయనకు ఇష్టం లేదు. గయ పోవాలి, లేకుంటే కాశీ, పెన్నలో ఏముందని ఆయన వాదన. అమ్మ ఒకటే మాట అంది: "ఆయన రోజూ చూసిన నీళ్లు." అక్కడితో ఆగింది. సెప్టెంబరు 19 రాత్రి కాచిగూడలో వెంకటాద్రి ఎక్కాం. అమ్మ, నేను, తమ్ముడు, ముఖం ముడుచుకున్న చిన్నాయన. రైలు గురించి చెప్పడానికేమీ లేదు, బాగా పోయింది.

ఇక లాడ్జి. యాప్‌లో రెండు రూములు, ఒక్కోటి 1,500, డబ్బు అక్కడే కట్టొచ్చు అని చూపించింది. మేం పోయేసరికి కౌంటరులో ఉన్నతను నిద్ర కళ్లతో లేచి, రూము మధ్యాహ్నం పన్నెండుకు గాని ఇవ్వను, ఇప్పుడే కావాలంటే రూముకు 400 అదనం అన్నాడు. సరే అన్నాం. దాని మీద 18 శాతం జీఎస్టీ అన్నాడు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను: ఆ ధర రూముకు ఆ రోజున ఉన్నది 12 శాతమే. రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 22 నుంచి అది 5కు తగ్గింది. 7,500 దాటిన రూములకే 18. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. 3,800 మీద 684 కలిపి మొత్తం 4,484 అని ఒక చీటీ ముక్క మీద రాసి చూపించి, ఆ చీటీ కూడా తిరిగి తీసేసుకున్నాడు. బిల్లు ఏదని అడిగితే కంప్యూటరు పని చేయట్లేదన్నాడు. లిఫ్టు కూడా పని చేయట్లేదు. రూములు మూడో అంతస్తులో.

ఇంతవరకైతే నేను ఇంత రాసేదాన్ని కాదు. ఆధార్ కార్డులు తీయడానికి అమ్మ తన చేతిలోని టవలు మూటను కౌంటరు మీద పెట్టింది. టవలు కొంచెం జారి నాయన ఫొటో కనిపించింది. ఖాకీ బట్టల్లో, జేబు మీద బ్యాడ్జితో, రిటైరైన రోజు తీయించిన ఫొటో. అతను చూసి, "పొద్దున్నే చనిపోయినోళ్ల ఫొటో కౌంటరు మీద పెడతారా మేడం, తీయండి తీయండి" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. ఫొటోను గుండెకు ఆనించుకుని పక్కకు జరిగింది. అప్పటిదాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని చిన్నాయన లేచాడు. "యోవ్, మా అన్న ఈ ఊర్లో ఇరవై యేండ్లు టికెట్లు కొట్టినోడు. ఆయప్ప ఫొటోతో నీ బల్లకు మైల వస్తాదా?" అన్నాడు. అంత గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. తమ్ముడు ఆయన భుజం పట్టుకుని మెట్ల వైపు తీసుకుపోయాడు. అమ్మ మూడు అంతస్తులు ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కింది. ఫొటో మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

వేన్నీళ్లు ఐదు నుంచి ఏడు దాకా అని బోర్డు ఉంది. ఆరింటికి తిప్పితే చన్నీళ్లే. మరుసటి రోజు మేం తర్పణాలకు వచ్చామని తెలిసి, తడి పంచెలు ఆరేస్తే రూము కడగాల్సి వస్తుందని ఇంకో 300 తీసుకున్నారు. దానికీ బిల్లు లేదు. మొత్తం 4,784. డబ్బు పోతే పోయింది. ఒక్క టికెట్ ముక్క లేకుండా అంత డబ్బు ఇచ్చి వచ్చామన్నదే నాకు మింగుడు పడట్లేదు. చనిపోయినవాళ్ల పని మీద వచ్చినవాళ్లు బేరమాడరని వీళ్లకు తెలుసు. మీరు మాత్రం ముందు రైల్వే స్టేషన్‌లో రిటైరింగ్ రూము ఉందేమో అడగండి. పెద్దవాళ్లు ఉంటే లిఫ్టు పని చేస్తోందా అని ఫోన్ చేసి కనుక్కోండి. సత్రం దొరికితే ఇంకా మంచిది.

శనివారం పొద్దున ఏడు రోడ్ల దగ్గర కారం దోశ తిన్నాం. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, 50 రూపాయలు. కళ్లలో నీళ్లు వచ్చాయి, అందరికీ ఆ కారం సాకు దొరికింది. అక్కడి నుంచి దేవుని కడప. తిరుమల కొండకు ఇది తొలి గడప అంటారు. అన్నమయ్య కడపరాయడని పాడింది ఈ స్వామినే. ఉగాది రోజు ముస్లింలు కూడా వచ్చి కొబ్బరికాయ కొట్టి పోతారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని. దర్శనం పావుగంటలో అయిపోయింది. అమ్మ కొంగు ముడి విప్పి హుండీలో వేసింది. ఏమిటని అడిగితే ఆ హార్లిక్స్ సీసాలో అడుగున మిగిలినవట. అన్నీ పాత పావలాలు, అర్ధరూపాయలు. నాయన రిటైరయ్యాక కూడా వాటిని పారేయలేదు.

సాయంత్రం పెద్ద దర్గాకు పోయాం. ఇది మా ప్లానులో లేదు, అమ్మ ప్లానులో ఉందని అక్కడికి పోయాకే తెలిసింది. నాయనతో పదకొండేళ్లు ఒకే బస్సు నడిపిన డ్రైవర్ మామ 2021లో కరోనా రెండో విడతలో పోయాడు. ఆ రోజుల్లో ఎవరినీ పోనిచ్చేవాళ్లు కాదు. "పిడికెడు మట్టి వేయలేకపోయినా" అని నాయన చివరిదాకా అంటూనే ఉన్నాడు. చిన్నప్పుడు రంజాన్‌కు మా ఇంటికి షీర్ ఖుర్మా గిన్నె వచ్చేది, ఉగాదికి మా ఓళిగలు వాళ్లింటికి పోయేవి. అమ్మ 150 పెట్టి పూల చాదరు తీసుకుని, తల మీదకు కొంగు లాక్కుని, అక్కడ చాలాసేపు కూర్చుంది. చిన్నాయన చెప్పులు కాపలా కాస్తానని బయటే ఉన్నాడు. మేం వచ్చేసరికి తలకు రుమాలు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆదివారం అమావాస్య. తెల్లారకముందే బస్టాండుకు పోయాం. పుష్పగిరి కడపకు 16 కిలోమీటర్లే, నేరుగా ఆటో మాట్లాడుకుంటే ఆ రోజు రానుపోను 900 చెప్పారు. అమ్మ వద్దంది, నాయన బస్సులోనే పోవాలంది. కమలాపురం పల్లెవెలుగు ఎక్కాం. ఆ ఏడాది ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు స్త్రీ శక్తి పథకం కింద ఉచితం కదా, ఆధార్ చూపిస్తే మెషీన్‌లో నుంచి సున్నా టికెట్ వచ్చింది. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ నాయన ఉంటే నాకు ఊరికే టికెట్ కొట్టేవాడా?" అంది. కొట్టేవాడు కాదు. ఎప్పుడు ఎక్కినా తన జేబులో నుంచి డబ్బు తీసి బ్యాగులో వేసి, ఆమెకు టికెట్ కొట్టేవాడు. వల్లూరు దగ్గర దిగి ఆటోకు 200 ఇచ్చాం.

పుష్పగిరికి తప్పకుండా పోండి. పెన్నతో పాపఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి కలిసే చోటంటారు కాబట్టి దీన్ని పంచనదీ క్షేత్రం అంటారు. నదిలో నుంచే లేచినట్టుంటాయి గుడి మెట్లు. పైన ఒకే ప్రాకారంలో చెన్నకేశవుడూ సంతాన మల్లేశ్వరుడూ ఉంటారు. గోడల మీది శిల్పాలు చూడాలంటే ఒక పూట చాలదు. అయితే అమావాస్య రోజు కాకుండా ఇంకోసారి రండి, ఆ రోజు జనమే జనం. ఆడవాళ్లు తడి బట్టలు మార్చుకోవడానికి ఒక ముతక చీర అదనంగా తెచ్చుకోండి. నేనూ ఇంకొకావిడా ఒకరికొకరం అడ్డం పట్టుకున్నాం. నువ్వులు, దర్భలు, స్వయంపాకం సామాను కడపలోనే కొనుక్కోండి, మాకు 640 అయింది.

లాడ్జి దెబ్బ తిన్నాక ఇక్కడ ఎంత అడుగుతారో అని భయపడ్డాం. అయ్యవారు ముసలాయన. ఎంతివ్వాలని తమ్ముడు అడిగితే, "500 ఇస్తాండారు నాయనా. లేకుంటే లేదు, కూర్చో" అన్నాడు. నాయన, జేజినాయన, ఆయన తండ్రి. తర్వాత జేజి. తర్వాత అమ్మ వైపు. ఒక్కొక్క పేరూ అడిగి, తమ్ముడితో రెండుసార్లు పలికించాడు. నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదలాలి, పితృతీర్థం అంటారు. తమ్ముడి చెయ్యి చూస్తూ కూర్చున్నాను. నాయనకు ఎడమ బొటనవేలు కొద్దిగా అణిగిపోయి ఉండేది, టికెట్ల కట్టలు పట్టుకుని పట్టుకుని. టికెట్ చింపి ఇచ్చేటప్పుడు ఆ రెండు వేళ్ల మధ్యే ఉండేది. తమ్ముడి వేళ్లు కూడా అచ్చం అవే. మణికట్టు వెంట్రుకలకు నల్ల నువ్వులు అంటుకుని ఉన్నాయి. వాడు ఏడుస్తున్నాడని గాని, నీళ్లు ఎక్కువగా పోస్తున్నాడని గాని వాడికి తెలియలేదు.

చివర్న బంధువులు, గురువులు, స్నేహితులు ఎవరైనా ఉన్నారా అని అయ్యవారు అడిగాడు. అమ్మ ముందుకు వంగి, "మా ఆయన బస్సు డ్రైవరు ఉన్నాడు సామీ. తురకాయన. చెప్పొచ్చా?" అంది. ఆయన ఒక్క క్షణం ఆగాడు. "స్నేహితుడని ఒక మాట ఉంది గదమ్మా, దాంట్లో చెప్తా. పేరేమి?" అన్నాడు. అమ్మ పేరు చెప్పింది. గోత్రం అడగకుండా తమ్ముడి చేతిలో నువ్వులు పోశాడు. చిన్నాయన అప్పుడు వచ్చి వాడి పక్కన కూర్చుని, ఆరేళ్ల కింద పోయిన చిన్నమ్మ పేరు మెల్లగా చెప్పాడు. ఆమెకు ఇన్నాళ్లూ ఎక్కడా ఏమీ చేయలేదట. మేం అయ్యవారికి 1,116 ఇచ్చాం. ఐదొందలు చాలని తిరిగివ్వబోతే చిన్నాయన ఆయన చేతులు మూసేశాడు.

తిరిగొచ్చాక అన్నానికి ఒక సందులోని చిన్న మెస్‌కు పోయాం. మా తడి తలలు చూసి, "పెద్దల పనికి వచ్చినారా?" అంది మెస్ నడిపే ఆమె. అలసంద వడలు, ఓళిగలు, గుమ్మడికాయ పులుసు, నాలుగు విస్తర్లకు 360. ఉల్లి లేకుండా వేరే చేసి పెట్టింది. కూర్చోబోతుంటే ఆపి, ముందు ఇంకో చిన్న ఆకు వేసి, అన్నీ కొంచెం కొంచెం వడ్డించి, అమ్మ దగ్గరున్న ఫొటో తీసుకుని దాని ముందు తానే పెట్టింది. ఆ ఆకుకు డబ్బులు తీసుకోలేదు. లాడ్జిలో తీయమన్న ఫొటో ఇదే. ఆ ఊరివాళ్లందరూ ఆ కౌంటరు మనిషిలాంటివాళ్లే అనుకోవద్దని ఇంత వివరంగా చెప్తున్నాను.

ఒకటి రాయడం మర్చిపోయాను. వల్లూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు చిన్నాయనకూ తమ్ముడికీ కలిపి తమ్ముడు 200 నోటిచ్చాడు. చిల్లర లేక, కండక్టరు పిల్లాడు టికెట్ వెనక 150 అని రాసిచ్చాడు. కడపలో దిగేటప్పుడు అమ్మను పట్టుకునే హడావిడిలో అందరం మర్చిపోయాం. ప్లాట్‌ఫారం చివర దాకా నడిచాక వెనక నుంచి "అన్నా, చిల్లర" అని కేక. ఆ పిల్లాడు బ్యాగు చంకలో అదిమి పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. తమ్ముడి చేతిలో నూట యాభై పెట్టి, టికెట్ తీసుకుని, వెనక అంకె మీద అడ్డంగా ఒక గీత కొట్టి తిరిగిచ్చాడు. మేం మాట్లాడేలోపే వెళ్లిపోయాడు.

అమ్మ ఆ టికెట్ అడిగి తీసుకుంది. తన సున్నా టికెట్‌తో కలిపి రెండూ ఫొటో ఫ్రేము వెనక అట్టలో దోపింది.