ముక్కే తలుపుగా తెరుచుకునే కారును వెతుక్కుంటూ

1965లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఒక ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్లుగా పనిచేస్తున్న మేము నలుగురం తెలుగువాళ్ళం, తలా పదకొండు పౌన్లు వేసుకుని ఒక పాత ఇసెట్టా కారు కొన్నాము. యాభై రెండేళ్ళ తరువాత, 2017 సెప్టెంబరులో, లండన్‌లో చదువుకుంటున్న మా మనవరాలు తోడుండగా నేనూ మా ఆవిడా గుంటూరు నుంచి వెళ్ళి, ఆ జాతి కార్ల ఆనవాళ్ళు మిగిలిన మూడు ఊళ్ళు తిరిగి వచ్చాము. వెళ్ళాలనుకునే వారికి పనికివస్తుందని, ఎక్కడ ఏముందో, బస ఎలా కుదిరిందో, దేనికోసం కష్టపడి వెళ్ళవచ్చో రాస్తున్నాను.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. ఇసెట్టా పుట్టింది 1953లో, ఇటలీలో. రిఫ్రిజిరేటర్లూ స్కూటర్లూ చేసే ఈసో కంపెనీ దాన్ని తయారుచేసింది. 1955 నుంచి జర్మనీలో బీఎండబ్ల్యూ వారు హక్కులు తీసుకుని, తమ మోటారుసైకిల్ ఇంజను అమర్చి లక్షా అరవై వేలకు పైగా అమ్మారు. సూయెజ్ కాలువ గొడవతో 1956 డిసెంబరు నుంచి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు ఇలాంటి చిన్న బళ్ళకు హఠాత్తుగా గిరాకీ పెరిగింది. కోడిగుడ్డు ఆకారంలో, ముందంతా అద్దంతో ఉండటం వల్ల వీటికి బబుల్ కార్లన్న పేరు స్థిరపడింది. మా బండి పొడవు 2.29 మీటర్లు, అంటే మన ఇంట్లో పడుకునే మంచం కంటే జానెడున్నర ఎక్కువ. ఇంజను 298 సీసీ, 13 హార్స్‌పవర్. పక్క తలుపులు లేవు. ముందు భాగమే ఫ్రిజ్ తలుపులా తెరుచుకునేది, స్టీరింగు కూడా ఆ తలుపుతోపాటే పక్కకు జరిగేది.

ఇద్దరి కోసం చేసిన ఆ సీటులో నలుగురం ఎలా పట్టామన్నది మనవరాలు ప్రయాణమంతా అడిగిన ప్రశ్న. దానికి ఒక క్రమం ఉండేది. అందరికంటే బక్కపలచనివాడైన కాకినాడ మిత్రుడు ముందుగా ఎక్కి, సీటు వెనక సామాను పెట్టుకునే అరుగు మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకునేవాడు. ఆ తరువాత నడుమ ఒకడు, ఎడమ పక్క ఒకడు కూర్చున్నాక, నడిపేవాడు చివర ఎక్కి స్టీరింగుతో సహా తలుపును తన మీదకు లాక్కునేవాడు. బ్రిటన్ కోసం చేసిన బండిలో ఇంజనూ డ్రైవరూ ఇద్దరూ కుడివైపే కావడంతో, సమతూకం కోసం ఎడమవైపు 27 కిలోల బరువు ఒకటి కంపెనీవారే బిగించారు. మాలో లావుపాటివాడైన వాల్తేరు మిత్రుణ్ణి ఎప్పుడూ ఎడమవైపే కూర్చోబెట్టేవాళ్ళం కాబట్టి, ఆ ఇనుము ఊడదీసి అమ్ముకుంటే పెట్రోలు ఖర్చు వస్తుంది కదా అని అతనే అంటుండేవాడు.

మాది మూడు చక్రాల రకం, రివర్స్ గేరు లేనిది. రివర్స్ లేని మూడు చక్రాల బండిని మోటారుసైకిల్ లైసెన్సుతో నడపవచ్చన్న నిబంధన ఉండటం వల్ల కంపెనీవారు ఆ గేరును మూసేసి అమ్మేవారు. మాకూ అదే కలిసివచ్చింది, ఎందుకంటే నలుగురిలో ఎవరికీ కారు లైసెన్సు లేదు. కానీ ఒక శీతాకాలపు రాత్రి డ్యూటీ దిగి క్వార్టర్స్‌కు వచ్చిన మేము, మంచు పడకుండా ఉంటుందని బండిని షెడ్డులోకి సూటిగా తోలి గోడకు జానెడు దూరంలో ఆపాము. తలుపు ముందుకు తెరవాలి, ముందు గోడ. వెనక్కి తీయడానికి గేరు లేదు. అత్యవసర ద్వారంగా పనికిరావలసిన పైకప్పు గుడ్డ మంచుకు బిగుసుకుపోయింది. పావుగంట హారన్ కొట్టాక ఆసుపత్రి నైట్ పోర్టరు టార్చిలైటుతో వచ్చి, లోపల నాలుగు ముఖాలు అద్దానికి అతుక్కుని ఉండటం చూసి ముందు నవ్వుకుని, ఆ తరువాత వెనక బంపరు పట్టుకుని మమ్మల్ని బయటికి లాగాడు.

సరుకుల కోసం నెలకొకసారి లండన్‌లో యూస్టన్ దగ్గరి డ్రమ్మండ్ స్ట్రీట్ వరకు, ఎనభై అయిదు కిలోమీటర్లు, ఇందులోనే వెళ్ళేవాళ్ళం. బ్రైటన్ దాటగానే సౌత్ డౌన్స్ గుట్టల ఎత్తు మీద ఇద్దరు దిగి నడిచి, పైన మళ్ళీ ఎక్కేవాళ్ళు. 1967లో మా ఆవిడ వచ్చిన కొత్తలో పట్టుచీర కట్టుకుని ఎక్కితే, కొంగు అంచు తలుపు కింద ఇరుక్కుని దారిలోని క్రాలీ అనే ఊరి వరకు వాన నీళ్ళలో ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ చీర సంగతి ఈ ప్రయాణంలో నాకు మూడుసార్లు వినిపించింది.

మొదట బ్రైటన్. నిజం చెప్పాలంటే ఇసెట్టా కోసమే అయితే అక్కడ చూడటానికి ఏమీ లేదు. రైల్వేస్టేషన్ పక్కన ఉన్న పాత లోకోమోటివ్ కర్మాగారంలో 1957 నుంచి ఈ కార్లు తయారుచేశారు. ఆ ఫ్యాక్టరీకి రోడ్డు దారే లేదు. విడిభాగాలు రైల్లో వచ్చేవి, తయారైన కార్లు రైల్లోనే వెళ్ళేవి, పనివాళ్ళు మెట్లెక్కి వెళ్ళేవారు. రోడ్డు మీద తిరిగే బండిని రోడ్డే లేని చోట చేయడమన్నది ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. ఆ భవనాలను 1969లో పడగొట్టారు, ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లూ దుకాణాలూ ఉన్నాయి. మేము ఆ వీధుల్లో ఒక గంట తిరిగి, స్టేషన్ ప్లాట్‌ఫారం చివర నిలబడి, ఇక్కడి నుంచే కదా మన బండి పెట్టెలోకి ఎక్కిందని అనుకుని వచ్చేశాము. మా కాలంలో సాయంత్రాలు గడిపిన, సముద్రంలోకి కట్టిన వెస్ట్ పియర్ అనే వంతెన 1975లో మూతపడి, 2003లో అగ్నికి ఆహుతై, ఇప్పుడు సముద్రంలో ఇనుప అస్థిపంజరంగా నిలిచి ఉంది. నవంబరు మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్‌కు జరిగే పాత కార్ల యాత్రకు వస్తే మా బండి లాంటివి కనిపిస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. అది 1905కు ముందు తయారైన వాటికే పరిమితం.

బస విషయంలో ఇక్కడే మాకు దెబ్బ తగిలింది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పాతకాలపు ఇంట్లో గది తీసుకున్నాము. ఫొటోలో కిటికీ నిండా సముద్రం ఉంది, వెళ్ళి చూస్తే కిటికీ పెరటివైపు ఉంది. గది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో రోజుకు రెండుసార్లకు మించి దిగలేకపోయాను. మీతో పెద్దవాళ్ళు ఉంటే, లిఫ్టు ఉందా అన్న మాటను ఫోనులో కాక ఉత్తరంలో రాయించుకోండి. ఉదయం ఫలహారం మాత్రం శాకాహారులకు ఇబ్బంది లేకుండా పుట్టగొడుగులు, బీన్స్, టోస్టుతో వేడివేడిగా పెట్టారు.

అద్దె కారు కూడా ఇక్కడే తీసుకున్నాము. ఇరుకు వీధులని తెలిసి కోరి కోరి చిన్న కారు బుక్ చేస్తే, అది లేదంటూ, అదనపు డబ్బు లేకుండా ఇస్తున్నామంటూ లారీ అంత కారొకటి అంటగట్టారు. పార్కింగు దొరక్క పిల్ల గంటన్నర చుట్లు తిరిగింది. ఒకప్పుడు రోడ్డు వారకు అడ్డంగా, ముక్కు ఫుట్‌పాత్ వైపు పెట్టి బండిని ఆపి, నేరుగా ఫుట్‌పాత్ మీదకే దిగిన ఊళ్ళో ఇదీ మా అనుభవం.

రెండవది ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలోని పీల్ అనే చిన్న రేవు పట్టణం. ప్రపంచంలోకెల్లా చిన్న కారుగా పేరుపొందిన పీల్ పీ50 అక్కడే 1962 నుంచి 1965 వరకు తయారైంది. ఇంగ్లండులోని హీషమ్ రేవు నుంచి ద్వీపంలోని డగ్లస్‌కు ఓడలో నాలుగు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. అద్దె కారును ద్వీపానికి తీసుకువెళ్ళడానికి మా కంపెనీ ఒప్పుకోలేదు కనుక దాన్ని రేవు పార్కింగులో వదిలి, అవతల బస్సుల్లో తిరిగాము. బస్సులు సమయానికి వచ్చాయి, డ్రైవర్లు ముసలివాళ్ళు కూర్చునేదాకా బండి కదపలేదు. అక్కడ సొంత నోట్లు ఉంటాయి, మేము వెళ్ళినప్పుడు ఒక పౌను నోటు కూడా చలామణిలో ఉంది. తిరిగి వచ్చేముందు వాటిని ఖర్చు పెట్టేసుకోండి, ఇంగ్లండులో దుకాణాలవారు తీసుకోరు. మే చివర, జూన్ మొదట్లో మోటారుసైకిల్ పందేల సమయంలో గదులు దొరకవు. సెప్టెంబరు మధ్యలో మాకు రేవు దగ్గరే, కింది అంతస్తులోనే గది దొరికింది. ఆ ఇంటావిడ మా ఆవిడకు వంటగదిలో అన్నం వండుకోనిచ్చింది. గుంటూరు గోంగూర పచ్చడిని రుచి చూసి మంచినీళ్ళు తాగింది కానీ బాగాలేదని అనలేదు. మొత్తం యాత్రలో బసకు నేను నిండు మార్కులు వేసేది ఈ ఇంటికే.

అక్కడి రవాణా మ్యూజియం మన పల్లెటూరి పోస్టాఫీసు అంత ఉంటుంది. పాత ఇటుకల కంపెనీ ఆఫీసు గదది. లోపల పీ50ని చూడగానే మనవరాలు బొమ్మ అనుకుంది. పొడవు 137 సెంటీమీటర్లు, బరువు 59 కిలోలు. ఒక తలుపు, ఒక దీపం, 49 సీసీ ఇంజను. రివర్స్ గేరు దీనికీ లేదు. వెనక ఒక పిడి ఉంది, దిగి దాన్ని పట్టుకుని బండిని సంచీలా ఎత్తి తిప్పుకోవడమే. ఒక మనిషి, ఒక సంచీ పట్టేలా చేశామని తయారుచేసినవారే చెప్పుకున్నారు. ఇందులో ఇద్దరిని ఇరికించడం మా నలుగురి తెలివికి కూడా సాధ్యమయ్యేది కాదు. ఇంత దూరం ఒక్క కారు కోసమే రావాలా అంటే, వద్దంటాను. కానీ ఎర్రరాతి పీల్ కోట, సాయంత్రపు రేవు, పొగబెట్టిన చేపల వాసన (మా ఆవిడ ముక్కు మూసుకుంది) కలిపి లెక్కవేస్తే రెండు రోజులు వృథా కావు.

చివరిది లింకన్‌షైర్‌లో బోస్టన్ పట్టణానికి కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న లాంగ్రిక్ అనే పల్లె. అక్కడి బబుల్‌కార్ మ్యూజియం ఒక్కటే చాలు, మిగతా రెండూ మానేసినా నష్టం లేదు. కొండ అన్నదే లేని చదును నేల, కాలువలు, పొలాలు. మన కృష్ణా డెల్టాలో కొబ్బరిచెట్లు తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బోస్టన్ చర్చి గోపురం చాలా దూరం నుంచే కనిపిస్తూ దారి చూపుతుంది. లండన్ నుంచి రైల్లో వచ్చేవారు గ్రాంథమ్‌లో మారి బోస్టన్‌లో దిగాలి, అక్కడి నుంచి టాక్సీ తప్పదు. మేము వెళ్ళినప్పుడే మ్యూజియం అన్ని రోజులూ తెరిచి ఉండేది కాదు, ఇప్పుడు అసలు తెరిచి ఉందో లేదో ముందుగా కనుక్కుని బయలుదేరండి. మేము బోస్టన్‌లో ఒక పబ్బు మీది గదిలో ఉన్నాము. శుక్రవారం రాత్రి కింది పాటలు పన్నెండు దాకా సాగాయి, నిద్ర పట్టేసరికి చర్చి గంటలు మొదలయ్యాయి.

లోపల వరుసగా ఇసెట్టాలు, హైంకెల్‌లు, వాటినే ఇంగ్లండులో చేసిన ట్రోజన్‌లు, విమానం కాక్‌పిట్‌లా పైకప్పు పక్కకు ఎత్తుకునే మెస్సర్‌ష్మిట్‌లు. మెస్సర్‌ష్మిట్‌లో ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. దాని 191 సీసీ ఇంజనును వెనక్కి తిరిగేలా స్టార్ట్ చేస్తే నాలుగు గేర్లూ రివర్స్‌లో పనిచేస్తాయి. ఒక్క రివర్స్ గేరుకు మొహం వాచిన మాకు ఆ రోజుల్లో ఇది వింటే కడుపు మండేది. 1959లో మినీ కారు అయిదు వందల పౌన్లలోపే, నాలుగు చక్రాలతో, నలుగురికి నాలుగు సీట్లతో వచ్చాక ఈ బుడగలన్నీ ఒక్కొక్కటే పేలిపోయాయి. మేము కొనేనాటికే వీటి పని అయిపోయింది, నలభై నాలుగు పౌన్లకు మాకు దొరకడానికి కారణం అదే. ఆ కాలపు వస్తువులతో కలిపి అమర్చిన తీరు బాగుంది. టీ దొరికింది, కాళ్ళు నొప్పి పెడితే కూర్చోవడానికి చోటు ఉండేది.

బయట వాకిట్లో ఒక పెద్దమనిషి తన సొంత ఎర్ర ఇసెట్టాను ఆపి టీ తాగుతున్నాడు. మనవరాలు వెళ్ళి మా కథంతా చెప్పేసరికి ఆయన ఏమీ అనకుండా కప్పు కింద పెట్టి తలుపు తెరిచాడు. స్టీరింగు పక్కకు జరిగింది. వేడెక్కిన రెగ్జిన్, పెట్రోలు కలిసిన ఆ వాసన మాత్రం ఏమీ మారలేదు. నేను ఎక్కాను, మా ఆవిడ పక్కన కూర్చుంది, కొంగును ముందే నడుముకు చుట్టి దోపుకుంది. మనవరాలు వెనక అరుగు వైపు చూసి, "తాతయ్యా, ఇక్కడ మనిషా?" అంది. ఒక కాలు పెట్టి చూసి, వల్ల కాదని దిగిపోయింది. ఇద్దరితోనే మోకాళ్ళు అద్దానికి తగులుతున్నాయి. తలుపు మూయగానే నేను తెలియకుండానే ముందు గోడ ఉందా అని చూశాను. ఉంది, మ్యూజియం గోడే, మూడు అడుగుల దూరంలో. ఆ మాట చెబితే ఆ పెద్దమనిషి నవ్వి, తనది జర్మనీలో చేసిన నాలుగు చక్రాల బండి అనీ, రివర్స్ ఉందనీ చెప్పి, ఎక్కడుందో కిటికీలోంచి చెయ్యి పెట్టి చూపించాడు.