జోహానెస్‌బర్గ్ అపార్థైడ్ మ్యూజియం: హాఫ్ డే టూర్‌లో మాత్రం వెళ్లకండి

దక్షిణాఫ్రికాలో మనుషుల్ని రంగుని బట్టి చట్టం పెట్టి వేరుచేసిన పాలనే అపార్థైడ్, ఈ మ్యూజియం దాని గురించే. ముందే చెప్తున్నా, దీన్ని సోవెటో (ఊరి పక్కన నల్లవాళ్లని ఉంచిన పేట) ప్యాకేజీలో కలిపి బుక్ చేసుకోకండి. మేం ఆ తప్పే చేశాం. ఒక టూర్ ఆపరేటర్ (పేరెందుకులెండి) "సోవెటో ప్లస్ మ్యూజియం, హాఫ్ డే" అని తీసుకెళ్లి, గేటు దగ్గర దింపి, గంటంపావులో బయటికి వచ్చేయమన్నాడు. గంటంపావులో మా నాన్నగారు మూడో గది కూడా దాటలేదు. ముప్ఫయ్యేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, గోడ మీద ఏది రాసి ఉన్నా చివరి అక్షరం దాకా చదివితే గానీ కదలరు. బయట డ్రైవర్ ఫోన్ మీద ఫోన్, లోపల ఈయన. చివరికి వ్యాన్‌ని పంపించేసి సాయంత్రం క్యాబ్‌లో ఇంటికొచ్చాం. అందుకే ఇక్కడ రెండు రేటింగులు ఇస్తున్నా. మ్యూజియానికి అయిదుకి అయిదు. ఆ టూర్‌కి ఒకటి, అదీ వ్యాన్‌లో ఏసీ పనిచేసింది కాబట్టి.

ఊరికి దక్షిణాన, గోల్డ్ రీఫ్ సిటీ అనే క్యాసినో, థీమ్ పార్కు పక్కనే ఉంటుంది. ఇలాంటి మ్యూజియం పక్కన క్యాసినో ఏంటి అనుకుంటారు కదా, నిజానికి క్యాసినో వల్లే ఇది వచ్చింది. 1995లో క్యాసినో లైసెన్సులకి పోటీ పెట్టినప్పుడు జనానికి పనికొచ్చేది కూడా ఏదో ఒకటి చేసి చూపించాలన్నారు, వీళ్లు మ్యూజియం కడతామన్నారు, 2001లో తెరిచారు. జూదం డబ్బులతో కట్టినా మనసు పెట్టి కట్టారు.

టికెట్ దగ్గరే మొదటి దెబ్బ. మన రంగు ఏదైనా సరే, చేతిలో పెట్టే కార్డు మీద 'తెల్లవారు' అనో 'తెల్లవారు కానివారు' అనో ఉంటుంది, లాటరీ లాగా. నాన్నగారికి మొదటిది వచ్చింది, నాకు రెండోది. (ఆ రాత్రి ఆయన చొక్కా జేబులోంచి కార్డు తీసి మా ఆవిడ "మామయ్యగారూ, మీరు తెల్లవాళ్లా?" అంటే, "ఒక్క పూటకేనమ్మా" అన్నారు.) గేట్లు రెండూ వేరు, పైన 'బ్లాంకెస్', 'నీ-బ్లాంకెస్' అని ఆఫ్రికాన్స్‌లో (అక్కడి డచ్ సంతతి తెల్లవాళ్ల భాష) కూడా బోర్డులు. ఇద్దరం ఒకే దాంట్లోంచి వెళ్దాం నాన్నా అన్నాను. "ఆగరా, వాళ్ల పద్ధతేంటో చూద్దాం" అని ఆయన తన గేటులోకి వెళ్లిపోయారు. లోపల ఇనప జాలీలు, వాటిలో పెద్దవి చేసి పెట్టిన పాత గుర్తింపు కార్డులు. అవతల నుంచి ఆయన దగ్గు వినిపిస్తోంది, మనిషి కనపడట్లేదు.

దారులు కలిశాక ఆయన అన్న మొదటి మాట ఇది: "మా చిన్నప్పుడు మన ఊరి టీ కొట్లో రెండు రకాల గ్లాసులుండేవి. బోర్డేమీ ఉండేది కాదు. ఎవరి గ్లాసు ఏదో ఎవరికి వాళ్లకే తెలుసు." అంతే, ఊరుకున్నారు. నేనూ పొడిగించలేదు, మేం ఏ గ్లాసు వాళ్లమో ఇద్దరికీ తెలుసు.

1950లో వచ్చిన జనాభా నమోదు చట్టంతో ప్రతి మనిషికీ ప్రభుత్వం ఒక జాతి ముద్ర వేసింది. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవాళ్లు, జారిపడితే ఒక జాతి, ఇరుక్కుంటే ఇంకొకటి. ఎక్కడ ఉండాలి, ఎవరిని పెళ్లి చేసుకోవాలి, ఏ బెంచీ మీద కూర్చోవాలి, ఏ లైబ్రరీలోకి వెళ్లొచ్చు, అన్నీ ఆ ముద్రని బట్టే.

ఈ మ్యూజియం గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఉరితాళ్లు వేలాడదీసిన గది గురించీ, పోలీసుల కాస్పిర్ అనే ఉక్కు కవచపు బండి గురించీ రాస్తారు. అవి చూస్తే కడుపులో తిప్పుతుంది, నిజమే. నన్ను మాత్రం పట్టుకున్నది చదువుల విషయం. 1953లో బంటూ (నల్లవాళ్లని ప్రభుత్వం అలా పిలిచేది) ఎడ్యుకేషన్ యాక్ట్ తెచ్చారు. అప్పటిదాకా నల్లపిల్లల బడులు ఎక్కువగా మిషనరీల చేతుల్లో ఉండేవి, వాటిని ప్రభుత్వం లాక్కుంది, కాదన్నవాటికి గ్రాంటు ఆపేసింది, చాలా మూతపడ్డాయి. ఆ చట్టం వెనకున్న మంత్రి వెర్వూర్ట్, తర్వాత ప్రధాని కూడా అయ్యాడు. నల్లపిల్లవాడికి జీవితంలో పనికిరాని లెక్కలు నేర్పి ఏం లాభం అని ఆయన పార్లమెంటులోనే అన్నాడు. ఇది చెప్తే మా లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "లెక్కలేనా? లెక్కలే అన్నాడా?" అని రెండుసార్లు అడిగారు.

నేను ఎప్పుడో చదివిన అంకెలు కూడా అక్కడే చెప్పాను. 1975–76లో ఒక్కో తెల్ల విద్యార్థి మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చు 644 రాండ్లు, ఇండియన్‌కి 189, కలర్డ్‌కి (మిశ్రమ జాతివాళ్లని అలా అనేవాళ్లు) 139, నల్ల విద్యార్థికి 42. ఆయన నోటితోనే లెక్కకట్టి "పదిహేను రెట్లకి పైనే" అన్నారు. అలా సగం కడుపుకి చదువు పెట్టి, దాని మీద మళ్లీ లెక్కలూ సోషలూ ఆఫ్రికాన్స్‌లోనే చెప్పాలన్నారు, పిల్లలకే కాదు, చాలామంది టీచర్లకి కూడా సరిగ్గా రాని భాష. 1976 జూన్ 16న సోవెటో పిల్లలు యూనిఫాంలతోనే రోడ్డెక్కితే పోలీసులు కాల్చారు. చనిపోయినవాళ్లలో పన్నెండేళ్ల హెక్టర్ పీటర్సన్ ఒకడు. వాణ్ణి ఇంకో కుర్రాడు చేతుల్లో మోసుకొస్తున్న ఫొటో శామ్ ఎన్జిమా తీసింది, మీరూ చూసే ఉంటారు.

అదే ఏడాది జనవరిలోనే ఆ దేశానికి టీవీ వచ్చింది! అంత డబ్బున్న దేశం, 1969లో చంద్రుడి మీద మనిషి దిగితే ఇళ్లలో కూర్చుని చూడ్డానికి టీవీ లేదు. హైదరాబాద్ దూరదర్శన్ కూడా 1977లోనే కదా వచ్చింది అన్నారు నాన్నగారు. కానీ మనది డబ్బుల్లేని కథ, వీళ్లది భయం కథ. బయటి ప్రపంచం కనిపిస్తే ఎక్కడ ఆలోచనలు మారతాయోనని ఏళ్ల తరబడి ఆపారు. అంటే తెల్లవాళ్లకీ తెలియనివ్వలేదు. పక్క టౌన్‌షిప్‌లో (నల్లవాళ్లని ఉంచిన పేటలో) ఎలా బతుకుతున్నారో చూపించిన నల్లజాతి ఫొటోగ్రాఫర్ ఎర్నెస్ట్ కోల్ ఫొటోల పుస్తకం 1967లో బయటి దేశంలో వస్తే, ఇక్కడ నిషేధించారు. ఆ ఫొటోలు తీయడానికి స్వేచ్ఛగా తిరగాలని ఆయన తన జాతి ముద్రని 'కలర్డ్'గా మార్పించుకున్నాడు. కోల్ ఫొటోలు ఇక్కడున్నాయి, ఒక్కోదాని ముందు ఆగి చూడండి.

అక్కడే డర్బన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కలిశారు, ఇంటిపేరు నాయుడూ, చివర దీర్ఘంతో. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ వచ్చింది మొదలు చెరుకు తోటల కోసం ఇక్కడికి తెచ్చిన కూలీల్లో మనవాళ్లు చాలామంది. నాన్నగారు గబగబా తెలుగులో మొదలుపెట్టారు, ఆయనేమో నవ్వి, దేవుడి పాటలు నాలుగు తప్ప ఏమీ రాదు అని ఇంగ్లీషులో చెప్పారు. ఆయన చదివింది సాలిస్‌బరీ ఐలండ్ కాలేజీలోనట. 1959లో యూనివర్సిటీ విద్య 'విస్తరణ' చట్టం అని తెచ్చి (పేరు చూడండి!) జోహానెస్‌బర్గ్‌లోని విట్స్, కేప్‌టౌన్ లాంటి యూనివర్సిటీలకి మంత్రి పర్మిషన్ లేకుండా తెల్లవాళ్లు కానివాళ్లు వెళ్లకూడదన్నారు. జాతికో కాలేజీ పెట్టారు. ఇండియన్ల కోసం 1961లో డర్బన్ రేవులో ఒకప్పటి నేవీ స్థావరంలో తెరిచారు. ఊళ్లోనే యూనివర్సిటీ పెట్టుకుని రోజూ ఫెర్రీ ఎక్కి వెళ్లి చదువుకున్నాం అన్నారాయన, మీ బస్సు మిస్సయితే ఇంకో బస్సు, మాకు ఫెర్రీ మిస్సయితే ఆ క్లాసు పోయినట్టే అని. నేను మ్యూజియంలో చదివిన బోర్డుల కన్నా ఆ పది నిమిషాలే ఎక్కువ గుర్తున్నాయి.

ఇక పనికొచ్చే సంగతులు. పొద్దున్నే వెళ్లండి, కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. చదవాల్సింది చాలా ఉంది, అంతా ఇంగ్లీషే, పెద్దవాళ్లని తీసుకెళ్తే పక్కన మీరు ఉండి చెప్పాలి. నడక ఎక్కువ. చిన్నపిల్లల్ని తీసుకెళ్లకపోవడమే మంచిది, కొన్ని వీడియోలు పెద్దవాళ్లే చూడలేరు. సోవెటోలో హెక్టర్ పీటర్సన్ మ్యూజియానికి ఇంకో రోజు వెళ్లండి. మన సామాన్ల కోసం జోహానెస్‌బర్గ్‌లోని ఫోర్డ్స్‌బర్గ్ పేటకి వెళ్లే అలవాటుంటే, అక్కడి ఓరియంటల్ ప్లాజా అనే షాపుల సముదాయం, పక్కనున్న పేజ్‌వ్యూ అనే పేట నుంచి ఖాళీ చేయించిన ఇండియన్ వ్యాపారుల కోసం కట్టిందే, ఈసారి ఆ కళ్లతో చూడండి. మేం తిరిగొస్తూ అటే వెళ్లాం. చాలా షాపులు మూసేశారు, కరివేపాకు మాత్రం దొరికింది.