థర్మోస్టాట్ పీకేసిన బండితో నా తిప్పలు

"మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకండీ, తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది" అని షెడ్డులో ఎవరైనా అంటే దండం పెట్టి బయటికి వచ్చేయండి. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కు పోనీయకుండా ఆపే వాల్వే థర్మోస్టాట్. నా సెకండ్‌హ్యాండ్ పెట్రోలు కారుకు, నా చేతికి రాకముందే, ఎవరో ఆ నిర్వాకం చేసి పెట్టారు.

వేసవిలో ఏమీ తెలియలేదు. పైగా విజయవాడ ట్రాఫిక్‌లో మే నెలలో కూడా టెంపరేచర్ ముల్లు సగానికి రాకపోతే అబ్బ, ఏం ఇంజిన్ అని మురిసిపోయాను. డిసెంబరులో లంబసింగి వెళ్తే బండారం బయటపడింది. తెల్లవారుజామున హీటర్ ఫుల్లుగా పెట్టినా గోరువెచ్చని గాలి కూడా రాదు. స్కానర్ తగిలిస్తే కూలెంట్ 60 డిగ్రీల దగ్గరే తచ్చాడుతోంది, ఘాట్ దిగుతుంటే ఇంకా పడిపోతోంది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజ్ రావడం లేదంటే షెడ్డువాళ్ళేమో ప్లగ్గులు, ఫిల్టర్లు అంటూ బిల్లులు వేశారు!

తిరిగొచ్చాక థర్మోస్టాట్ కూర్చునే హౌసింగ్ విప్పిస్తే లోపల గట్టిపడిన రబ్బరు రింగు తప్ప ఏమీ లేదు. కొత్తది 88 డిగ్రీలది తెచ్చాను, బండి మాన్యువల్లో ఉన్నది అదే. బిగించేముందు దారం కట్టి నీళ్ళ గిన్నెలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టాం. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు, నీళ్ళు కాగబోతుండగా లోపలి మైనం ఉబ్బి స్ప్రింగును నొక్కుకుంటూ మెల్లగా నోరు తెరిచింది. ముద్దొచ్చింది.

అప్పటి నుంచి పొద్దున్నే ఇంజిన్ తొందరగా దారిలో పడుతోంది, చలిలో మొరాయించడం లేదు. మైలేజ్ పెరిగిందని మొదట్లో అందరికీ డప్పు కొట్టాను గానీ, అదే సమయంలో రేడియేటర్ కడిగించి కూలెంట్ కూడా మార్పించాను కాబట్టి ఆ గొప్పంతా దీనికే ఇవ్వలేను. వేడెక్కిన ఇంజిన్‌లో పికప్ మాత్రం ముందెంతో ఇప్పుడూ అంతే.

82ది వేస్తే వేసవిలో హీట్ ఎక్కదు కదా అని అడుగుతుంటారు. ఆ అంకె వాల్వు ఎప్పుడు తెరుచుకోవడం మొదలుపెడుతుందో చెబుతుంది, అంతే. రేడియేటర్ పూడిపోయినా, ఫ్యాన్ తిరగకపోయినా ఏ అంకె ఉన్నా ఉడికిపోతుంది. నాది ఎక్కువగా హైవే తిరుగుడు కాబట్టి థర్మోస్టాట్ లేనప్పటికీ ఉన్నప్పటికీ తేడా బాగా తెలిసింది. ఇంటి నుంచి బజారుకు వెళ్ళి ఆపేసే బండిలో 82 అయినా 88 అయినా తెరుచుకునే టైమే దొరక్కపోవచ్చు, మాన్యువల్లో ఏముంటే అది వేసుకోండి.