ఎక్స్‌టీ మీద ఎంఎస్-డాస్ 3.3: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ఇంటెల్ 8088 ప్రాసెసర్, 4.77 మెగాహెర్ట్జ్ వేగం, 640 కిలోబైట్ల మెమరీ, 20 మెగాబైట్ల హార్డ్‌డిస్క్ ఉన్న ఐబీఎం పాత పీసీ ఎక్స్‌టీ తరహా యంత్రం మీద 1987 నాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ 3.3ను తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. ఉత్తరాలు, లెక్కలు, అప్పుడప్పుడు చిన్న ప్రోగ్రాములు, నా పని అంతవరకే. 1991లో విడుదలైన 5.0 వెర్షన్‌ను కూడా మధ్యలో ఏడాదిపాటు వాడి, మళ్లీ 3.3కే వచ్చాను.

కారణం మెమరీ. డాస్‌లో పెద్ద భాగాన్ని మొదటి మెగాబైటుకు పైనున్న చోటికి తరలించి, కింద ప్రోగ్రాములకు జాగా మిగల్చడం 5.0కు పేరు తెచ్చిన సదుపాయం. అయితే అది 8088 తర్వాత వచ్చిన 286, ఆపై ప్రాసెసర్లలోనే పనిచేస్తుంది. 8088 ఒక మెగాబైటును దాటి చూడలేదు కనుక 5.0 మొత్తంగా ఆ 640 కిలోబైట్లలోనే తిష్ఠ వేస్తుంది. మీ యంత్రం 286 అయితే నా మాట పట్టించుకోనక్కరలేదు. 5.0తో వచ్చే ఎడిటర్ లేని లోటు మాత్రం నాకు ఇప్పటికీ ఉంది. 3.3లో ఉన్న పాత ఎడిటర్ ఎడ్లిన్‌లో వరుస సంఖ్య చెప్పి ఒక్కొక్క వరుసే దిద్దుకోవడం ఓపికకు పరీక్షే.

ఈ యంత్రంలో ఆలస్యమంతా ప్రాసెసర్ దగ్గర కంటే డిస్క్ దగ్గరే ఎక్కువ. పెద్ద ప్రోగ్రాము ముగించగానే ప్రాంప్ట్ (ఆజ్ఞ కోసం ఎదురుచూసే గుర్తు) వెంటనే రాదు; మన ఆజ్ఞలు అందుకునే ప్రోగ్రాము కమాండ్.కామ్‌లో మెమరీ నుంచి చెరిగిపోయిన భాగాన్ని డాస్ మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకునే ఆ చిన్న టకటక శబ్దం వినడం అలవాటైపోయింది. హార్డ్‌డిస్క్ లేకుండా ఫ్లాపీలతోనే నడిపేవారికి ఇదే సందర్భంలో, కమాండ్.కామ్ ఉన్న ఫ్లాపీ పెట్టమన్న సందేశం వస్తుంది. డాస్ మొదలయ్యేటప్పుడు చదివే కాన్ఫిగ్.సిస్ ఫైల్లో బఫర్స్ (డిస్క్ సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచే మెమరీ జాగాలు) సంఖ్యను 20 చేశాక డైరెక్టరీలు వెతికే సమయం తగ్గింది. ఒక్కో బఫర్‌కు 528 బైట్లు, అంటే మొత్తం పది కిలోబైట్ల పైచిలుకు ఖర్చు. దానికి తగిన ఫలితమే దక్కింది.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. అసలు ఎక్స్‌టీలో బ్యాటరీ గడియారం లేదు, నా యంత్రంలోనూ లేదు. యంత్రం ఆన్ కాగానే దానంతటదే నడిచే ఆజ్ఞల ఫైలు ఆటోఎగ్జెక్.బ్యాట్ లేకపోతే డాస్ ప్రతిసారీ తేదీ, సమయం అడుగుతుంది, ఉంటే అడగదు. ఈ సంగతి తెలియక మొదటి నెలంతా నేను రాసిన ఉత్తరాలన్నీ 1980 జనవరి 1న రాసినట్లే నమోదయ్యాయి. తర్వాత ఆ ఫైల్లోనే డేట్, టైమ్ ఆజ్ఞలు చేర్చాను.

అంతకంటే ఖరీదైన పాఠం కాపీ ఆజ్ఞ నేర్పింది. అదే పేరుతో మరో ఫైలు ఉంటే, ఈ వెర్షన్‌లో ఒక్క మాటైనా అడగకుండా దాని మీదే రాసేస్తుంది. పాత ఫ్లాపీలోని లెక్కల ఫైలును కొత్తదాని మీదికి కాపీ చేసి, మూడు వారాల పనిని నా చేతులతోనే తుడిచేసుకున్నాను. ఇప్పుడు ముఖ్యమైన ప్రతి ఫైలుకూ అట్రిబ్ ప్లస్ ఆర్ ఆజ్ఞతో ‘చదవడానికి మాత్రమే’ అన్న గుర్తు పెడుతున్నాను. దాని మీదికి కాపీ చేయబోతే డాస్ ‘ఫైల్ క్రియేషన్ ఎర్రర్’ అని ఆగిపోతుంది.