హార్నిమన్ సర్కిల్‌లో అమ్మతో ఒక పొద్దున

ముంబయి అనగానే అందరూ గేట్‌వే ఆఫ్ ఇండియాకి పరిగెడతారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎండలో అంతసేపు నిలబడలేదు. అందుకే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ దిగి, లాడ్జిలో సామాన్లు పడేసి, ముందుగా హార్నిమన్ సర్కిల్‌కి తీసుకెళ్ళాను. మేం దిగిన సీఎస్‌ఎంటీ రైల్వే స్టేషన్ నుంచి కిలోమీటరు దూరం, ట్యాక్సీలో ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండున్నర ఎకరాల గుండ్రటి తోట అది. చుట్టూ రోడ్డు, రోడ్డుకు అవతల తోటతో పాటే వంపు తిరిగిన పాత రాతి భవనాలు. వాటి కింద పొడుగ్గా ఆర్చీల వరండా. ఎండైనా వానైనా దాని కిందే నడిచెళ్ళిపోవచ్చు. ఆర్చీల మధ్య రాళ్ళమీద గడ్డాల ముఖాలు చెక్కారు. ఒకదానికి ముక్కు అరిగిపోయింది, గడ్డం మాత్రం వెంట్రుకతో సహా తెలుస్తోంది. తలెత్తి చూడకపోతే ఇవేవీ కంటపడవు.

ఒకప్పుడు ఇక్కడ పత్తి బేళ్ళు గుట్టలుగా పోసేవాళ్ళట, కాటన్ గ్రీన్ అనేవాళ్ళు. 1872కల్లా ఎల్ఫిన్‌స్టన్ సర్కిల్ అయింది. స్వాతంత్ర్యం వచ్చాక బాంబే క్రానికల్ సంపాదకుడు బెంజమిన్ హార్నిమన్ పేరు పెట్టారు. ఆయన ఇంగ్లీషువాడే, కానీ బ్రిటిష్ సర్కారును నిలదీసినందుకు 1919లో ఆ సర్కారే దేశం నుంచి పంపించేసింది. ఆ పేరు ఇక్కడ ఉండటం నాకు చాలా సంతోషంగా అనిపించింది.

తూర్పున 1833 నాటి టౌన్‌హాల్, ఏషియాటిక్ సొసైటీ లైబ్రరీ అందులోనే. ముప్పై మెట్లు చూసి అమ్మ "నువ్వెళ్ళి చూసిరా" అంటూ చెట్టుకింద బెంచీమీద కూర్చుంది. పైనుంచి చూస్తే తోట మొత్తం కొమ్మలే, అమ్మ చీర రంగు మాత్రం కనిపించింది. పడమట సెయింట్ థామస్ కెథెడ్రల్. ముంబయిలోని చర్చిగేట్ ప్రాంతానికి ఆ పేరు దీనివల్లే వచ్చింది.

బస మాత్రం బాధపెట్టింది. ఈ సర్కిల్ ఉన్న ఫోర్ట్ ప్రాంతంలోనే మేం దిగిన లాడ్జివాళ్ళు ఫోన్‌లో లిఫ్ట్ ఉందన్నారు. తీరా వెళితే అది పనిచేయడం లేదు, రెండో అంతస్తుకి అమ్మ ఆగి ఆగి ఎక్కింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు "లిఫ్ట్ ఇవాళ నడుస్తోందా" అని బయల్దేరే రోజే మళ్ళీ అడగండి. వీలైతే కింది అంతస్తులోనే గది తీసుకోండి.

ఆదివారమైతే ఫోర్ట్‌లో ఆఫీసులుండవు, రోడ్లు ఖాళీ, అమ్మలాంటివాళ్ళు భయంలేకుండా దాటొచ్చు. హోటళ్ళు కూడా చాలావరకు మూసుంటాయి కాబట్టి టిఫిన్ స్టేషన్ దగ్గరే కానిచ్చి వెళ్ళండి.